వినకుండా చదవడం: అప్రామాణిక ఈథర్‌నెట్ ఫ్రేముల్లో టెలిఫోన్ లైన్ల దత్తాంశం – సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ట్రంకు లైన్ల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం:

టెలిఫోన్ ఎక్స్ఛేంజీల మధ్య దశాబ్దాలపాటు ప్రత్యేక తీగలపై నడిచిన ఇ1 లైన్లు క్రమంగా ప్యాకెట్ జాలాల మీదికి మారుతున్నాయి. ఈ మార్పులో కొన్ని లైన్లు అంతర్జాతీయ ప్రమాణాలను అనుసరించే ఫ్రేముల్లోనూ, కొన్ని ఏ ప్రమాణపత్రంలోనూ చేరని ఫ్రేముల్లోనూ ప్రయాణిస్తాయి. రెండవ రకం ఫ్రేములను విప్పి చదివే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఫ్రేము పొడవు, నమూనాల అమరిక, బిట్ల దిశ, సిగ్నలింగ్ చానెల్, క్రమసంఖ్య అనే అయిదు ఆధారాలతో లైను ఆరోగ్యాన్ని నిర్ధారించవచ్చుననీ, అందుకు సంభాషణను వినవలసిన అవసరం లేదనీ ప్రతిపాదిస్తుంది. పూర్వ నల్లగొండ జిల్లాలోని మూడు పట్టణాల మధ్య ఉండగల ట్రంకు లైనును ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఇ1 లైను, కాలఖండం, ఈథర్‌నెట్ ఫ్రేము, అప్రామాణిక రూపం, సిగ్నలింగ్, స్లిప్, గోప్యత.

1. ఉపోద్ఘాతం:

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో, బియ్యపు మిల్లులకు పేరొందిన పట్టణం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచింది. టెలిఫోన్ పటం మాత్రం రెవెన్యూ పటాన్ని అనుసరించి గీసినది కాదు. సూర్యాపేట ఎస్టీడీ కోడ్ 08684, మిర్యాలగూడ కోడ్ 08689. కోదాడ హుజూర్‌నగర్ ప్రాంతానికి చెందిన 08683 కిందికి వస్తుంది. అంటే ఈ మూడు పట్టణాలూ మూడు వేర్వేరు కోడ్ల పరిధిలో ఉన్నాయి. ఒక పట్టణపు ల్యాండ్‌లైను నుంచి మరొక పట్టణపు ల్యాండ్‌లైనుకు చేసే ప్రతి పిలుపూ స్థానిక ఎక్స్ఛేంజిని దాటి ట్రంకు లైను ఎక్కవలసిందే.

ఆ ట్రంకు లైనులో దోషం కలిగినప్పుడు వినియోగదారునికి కనిపించే లక్షణాలు కొన్నే. మాట మధ్యలో 'టక్'మనే చప్పుడు, ఫ్యాక్సు సగంలో ఆగిపోవడం, మోడెము పదేపదే తిరిగి కలపవలసి రావడం వంటివే ఆ లక్షణాలు. ఒకే లక్షణానికి కారణాలు వేర్వేరు కావచ్చు. ప్యాకెట్ జాలం ఫ్రేములను పోగొట్టి ఉండవచ్చు. రెండు కొసల గడియారాలు సరిపోలక ఉండవచ్చు. ప్యాకెట్లుగా మారకముందే ఇ1 లైను చెడి ఉండవచ్చు. కారణం తేలకపోతే జాలాన్ని నడిపేవారు పరికరాన్ని, పరికరాన్ని అమర్చినవారు ఎక్స్ఛేంజిని తప్పుపడతారు. మరమ్మతు ఎవరి బాధ్యతో తేలదు. ఫ్రేమును విప్పి చదవగలిగితే ఈ వివాదాన్ని ఆధారాలతో ముగించవచ్చు. అయితే అదే ఫ్రేములో మనుషుల మాటలు కూడా ఉంటాయి. కనుక ఎలా చదవాలన్న ప్రశ్నతోపాటు ఎంతవరకు చదవాలన్న ప్రశ్న కూడా ఈ విషయంలో అంతర్భాగం.

2. టెలిఫోన్ లైను డిజిటల్ స్వరూపం:

మాటను సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్ల సంఖ్యగా రాయడం డిజిటల్ టెలిఫోనీకి పునాది. ఒక్కో సంభాషణకు సెకనుకు 64,000 బిట్లు కావాలి. రెండు కొలతల మధ్య వ్యవధి 125 మైక్రోసెకన్లు. భారతదేశం అనుసరించే ఇ1 వ్యవస్థలో ఆ 125 మైక్రోసెకన్లను 32 కాలఖండాలుగా విభజిస్తారు. ఒక్కో కాలఖండంలో ఒక బైటు ఇముడుతుంది. మొత్తం వేగం సెకనుకు 20,48,000 బిట్లు. అమెరికాలో వాడే టీ1 వ్యవస్థలో కాలఖండాలు 24 మాత్రమే.

ఇ1లోని సున్నా కాలఖండం మాటలను మోయదు. ఫ్రేము ఎక్కడ మొదలవుతుందో తెలిపే గుర్తు అందులో ఉంటుంది. ఒక ఫ్రేము విడిచి ఒక ఫ్రేములో 0011011 అనే ఏడు బిట్ల వరుస వస్తుంది. మధ్యలో వచ్చే ఫ్రేములో రెండవ బిట్ తప్పనిసరిగా 1గా ఉంటుంది. పదహారవ కాలఖండం సాధారణంగా సిగ్నలింగ్ కోసం కేటాయించినది. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, లైను ఖాళీగా ఉందా, రిసీవరు ఎత్తారా అన్న సమాచారం అక్కడ నడుస్తుంది. మిగిలిన 30 కాలఖండాలు మాటలకు చెందుతాయి.

కొలతను బైటుగా మార్చడానికి రెండు సూత్రాలున్నాయి. ఇ1 దేశాలలో ఎ-లా, అమెరికా, జపాన్‌లలో మ్యూ-లా వాడుకలో ఉన్నాయి. బైట్ల విలువలను ఈ వ్యాసంలో దశాంశ రూపంలో చూపడం జరిగింది. ఎ-లాలో నిశ్శబ్దం 213 లేదా 85గా, మ్యూ-లాలో 255 లేదా 127గా కనిపిస్తుంది. మాట్లాడనప్పుడు కూడా లైను బైట్లను పంపుతూనే ఉంటుందన్న అంశం తరువాతి చర్చకు కీలకం.

3. ప్రామాణిక, అప్రామాణిక ఫ్రేములు:

నిరంతరంగా ప్రవహించే ఇ1ను ముక్కలుగా కోసి ప్యాకెట్లలో పంపడానికి ప్రమాణాలు లేకపోలేదు. ఐఈటీఎఫ్ సంస్థ 2006లో ప్రచురించిన ఆర్‌ఎఫ్‌సీ 4553, ఇ1 లోపలి నిర్మాణాన్ని పట్టించుకోకుండా బిట్ల ప్రవాహాన్ని యథాతథంగా మోసే పద్ధతిని నిర్వచించింది. 2007లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5086 కాలఖండాలను గుర్తించి మోసే పద్ధతిని వివరించింది. ఈథర్‌నెట్ మీద నేరుగా మోయడానికి మెట్రో ఈథర్‌నెట్ ఫోరం 8వ సంఖ్య గల నిర్దేశాన్ని వెలువరించింది. దాని ఫ్రేముల రకం సంఖ్య 35032. ఈ పద్ధతులను అనుసరించిన ఫ్రేమును ఏ విశ్లేషణ పరికరమైనా గుర్తించగలదు.

వీటికి వెలుపల మరొక సంప్రదాయం ఉంది. 1999లో మొదలైన ఆస్టరిస్క్ అనే స్వేచ్ఛా టెలిఫోన్ సాఫ్ట్‌వేరుకు తోడుగా జాప్‌టెల్ అనే డ్రైవరు సమూహం వచ్చింది. 2008లో దాని పేరు డాహ్‌డీగా మారింది. ఇ1, టీ1 లైన్లను ఈథర్‌నెట్ మీద ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు పంపే సదుపాయం అందులో ఉంది. ఈ ఫ్రేముల రకం సంఖ్య 53261; షోడశాంశ రూపంలో 'డి, సున్నా, సున్నా, డి'. ఈ నిర్మాణం ఐఈటీఎఫ్, ఐటీయూ ప్రమాణాల్లో భాగం కాదు. దాని నిర్వచనం డ్రైవరు మూలసంకేతంలోని వ్యాఖ్యలోనే లభిస్తుంది. ఇందులో ఐపీ చిరునామా ఉండదు కనుక రౌటరును దాటలేదు; ఒకే స్థానిక జాలంలో, లేదా దానిని పొడిగించిన గాజుతీగ మార్గంలో మాత్రమే నడుస్తుంది.

అప్రామాణికం అన్న మాటకు తప్పు అన్న అర్థం లేదు. అందరూ అంగీకరించిన లిఖిత నిర్వచనం లేదని మాత్రమే అర్థం. అందువల్ల దానిని చదివేవారు ప్రతి ఊహనూ పరీక్షించి స్థిరపరచుకోవలసి ఉంటుంది. రకం సంఖ్య ఒక పేరుపట్టీ వంటిది. పట్టీ మీద ఉన్నదే లోపల ఉందనడానికి లోపలి సాక్ష్యం కావాలి.

4. ఫ్రేము నిర్మాణం:

సూర్యాపేటలోని ఒక పరికరం నుంచి కోదాడలోని మరొక పరికరానికి 31 చానెళ్లను ఈ పద్ధతిలో పంపుతున్నారని అనుకుందాం. ఇది వివరణ కోసం స్వీకరించిన ఉదాహరణ. ఫ్రేములోని బైట్లు ఈ క్రమంలో ఉంటాయి.

1–6: గమ్యం ఈథర్‌నెట్ చిరునామా.
7–12: మూలం ఈథర్‌నెట్ చిరునామా.
13–14: రకం సంఖ్య 53261.
15–16: ఉపచిరునామా. ఒకే యంత్రంలో అనేక లైన్లుంటే వేరుపరచడానికి.
17: ఒక్కో చానెలుకు నమూనాల సంఖ్య. సాధారణంగా 8.
18: స్థితి సూచికలు. మొదటి బిట్ పసుపు అలారం; రెండవ బిట్ సిగ్నలింగ్ బిట్లు ఉన్నాయో లేవో తెలుపుతుంది.
19–20: ఫ్రేము క్రమసంఖ్య, 16 బిట్లు.
21–22: చానెళ్ల సంఖ్య. ఇక్కడ 31.
23–38: సిగ్నలింగ్ బిట్లు. నాలుగు చానెళ్లకు ఒక 16 బిట్ల పదం చొప్పున 8 పదాలు.
39–286: నమూనాలు. 31 చానెళ్లకు 8 చొప్పున 248 బైట్లు.

ఎనిమిది నమూనాలంటే ఒక మిల్లీసెకను. కాబట్టి మాటలున్నా లేకున్నా, పగలైనా రాత్రైనా సెకనుకు 1,000 ఫ్రేములు వెలువడుతూనే ఉంటాయి. 286 బైట్ల ఫ్రేముకు లెక్కిస్తే సెకనుకు 22,88,000 బిట్లు అవుతాయి. అసలు ఇ1 వేగంతో పోల్చితే అదనపు భారం సుమారు 12 శాతం. ఎడతెగని ఈ సమవేగమే టెలిఫోన్ లైనును మిగిలిన జాల రాకపోకల నుంచి వేరుచేసే మొదటి లక్షణం. వెబ్ పేజీలు, దస్త్రాలు విడతలు విడతలుగా వస్తాయి. టెలిఫోన్ లైను గడియారం ముల్లులా నడుస్తుంది.

5. విప్పే క్రమం:

5.1 పొడవు చెప్పేది, చెప్పలేనిది:

చానెళ్ల సంఖ్య తెలిస్తే ఫ్రేము పొడవును ముందే లెక్కించవచ్చు. స్థిరమైన 22 బైట్లకు చానెలుకు 8 చొప్పున, సిగ్నలింగ్ ఉంటే నాలుగు చానెళ్లకు 2 చొప్పున కలపాలి. 24 చానెళ్లకు సిగ్నలింగ్‌తో 226, 31 చానెళ్లకు 286 వస్తాయి. అయితే పొడవు ఒక్కటే తీర్పు చెప్పలేదు. 30 చానెళ్లు సిగ్నలింగ్‌తో కలిసి 278 బైట్లవుతాయి. 32 చానెళ్లు సిగ్నలింగ్ లేకుండా కూడా సరిగ్గా 278 బైట్లే అవుతాయి. పొడవును మాత్రమే నమ్మిన పాఠకుడు 16 సిగ్నలింగ్ బైట్లను రెండు చానెళ్ల మాటలుగా పొరబడతాడు. 18వ బైటులోని సూచికను, 21–22 బైట్లలోని సంఖ్యను పొడవుతో సరిచూసి, మూడూ ఏకీభవించినప్పుడే ముందుకు సాగాలి. ఈథర్‌నెట్ కనీస పొడవు నియమం వల్ల అతి తక్కువ చానెళ్లున్న ఫ్రేముల చివర పూరక బైట్లు చేరతాయన్నది, వీల్యాన్ ముద్ర ఉంటే మరో 4 బైట్లు పెరుగుతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

5.2 నమూనాల అమరిక:

248 బైట్లను రెండు విధాలుగా పేర్చవచ్చు. మొదటి చానెలుకు చెందిన 8 నమూనాలు, ఆ తరువాత రెండవ చానెలుకు చెందిన 8 నమూనాలు రావడం ఒక పద్ధతి. మొదటి 125 మైక్రోసెకన్లకు చెందిన 31 బైట్లు, ఆ తరువాతి 125 మైక్రోసెకన్లకు చెందిన 31 బైట్లు రావడం రెండవ పద్ధతి. డాహ్‌డీ ఫ్రేము మొదటి పద్ధతిని, ఆర్‌ఎఫ్‌సీ 5086 రెండవ పద్ధతిని అనుసరిస్తాయి. పొడవులో తేడా లేదు కనుక పొరపాటు కంటికి కనిపించదు. ఫలితం మాత్రం అర్థరహితమైన రొద.

దీనిని తేల్చడానికి నిశ్శబ్దం తోడ్పడుతుంది. 30 మాటల చానెళ్లలో ఏ సమయంలోనైనా కొన్ని ఖాళీగా ఉండే అవకాశం ఎక్కువ. ఖాళీ చానెలులో ఒకే విలువ పునరావృతమవుతుంది. ఆ విలువ వరుసగా ఎనిమిది స్థానాల్లో కనిపిస్తే మొదటి పద్ధతి. 31 స్థానాల ఎడంతో కనిపిస్తే రెండవ పద్ధతి. ఇందుకు ఎవరి మాటా వినవలసిన పని లేదు. ఎవరూ మాట్లాడని చానెలే ఇక్కడ సాక్షి.

5.3 బిట్ల దిశ, సూత్రం:

కొన్ని పరికరాలు బైటులోని బిట్లను తలకిందులుగా పేరుస్తాయి. నిశ్శబ్దపు బైటు దీనిని కూడా బయటపెడుతుంది. ఎ-లాలోని 213 తిరగబడితే 171 అవుతుంది. 85 తిరగబడితే 170 అవుతుంది. ఖాళీ చానెళ్లలో 213, 85 అధికంగా ఉంటే దిశ సరైనది. 171, 170 అధికంగా ఉంటే తిరగబడినది. 255 కనిపిస్తే మ్యూ-లా అని అనుమానించాలి. అయితే 255లో అన్ని బిట్లూ 1 కనుక అది తిరగబడినా మారదు. దిశను తేల్చడానికి 127, 254లలో ఏది కనిపిస్తున్నదో చూడాలి. లైను భారతదేశంలో ఉన్నంత మాత్రాన లోపల ఎ-లా ఉందని నిర్ణయించుకోరాదు. అమెరికాలో పుట్టిన సాఫ్ట్‌వేరు అమరికలను మార్చకుండా వాడినచోట మ్యూ-లా ఎదురుకావచ్చు.

డాహ్‌డీ ఫ్రేములో 1 నుంచి 31 వరకు గల చానెళ్లే ప్రయాణిస్తాయి; సున్నా కాలఖండం మూలస్థానంలోనే ఆగిపోతుంది. కనుక 0011011 గుర్తు కోసం ఇందులో వెతకడం వృథా. ఆర్‌ఎఫ్‌సీ 4553 వంటి యథాతథ పద్ధతిలో మాత్రం ఆ గుర్తు ఉంటుంది, కాని బైటు సరిహద్దుకు సరిపడి ఉండదు. రెండు ఫ్రేములకు చెందిన 512 బిట్ల స్థానాలనూ పరీక్షించాలి. గుర్తు, దాని తరువాతి ఫ్రేములో రెండవ బిట్ 1, మళ్లీ గుర్తు అన్న మూడు నిబంధనలు యాదృచ్ఛికంగా కలిసివచ్చే అవకాశం 32,768లో ఒకటి. 512 స్థానాలను వెతికితే ఒక తప్పుడు స్థానం దొరికే అవకాశం 64లో ఒకటి వరకు ఉంటుంది. అది ఉపేక్షించదగినది కాదు. గుర్తు మరికొన్ని ఆవృత్తులలో నిలిచినదని చూశాకే స్థానాన్ని ఖాయం చేయాలి.

5.4 పదహారవ చానెలు:

ప్రైమరీ రేట్ ఐఎస్‌డీఎన్ లైనులో పదహారవ కాలఖండం హెచ్‌డీఎల్‌సీ రూపంలోని సందేశాలను మోస్తుంది. సందేశాల మధ్య 126 అనే పతాక బైటు పునరావృతమవుతుంది. పతాకం కనిపించగానే బిట్ల దిశ సరైనదని సంతృప్తిపడటం ఒక సాధారణ పొరపాటు. 126 ద్వియాంశ రూపం 01111110. అది ఎటునుంచి చదివినా అదే. పతాకం దిశను తెలుపలేదు. సందేశం చివర ఉండే 16 బిట్ల తనిఖీ సంఖ్య సరిపోలినప్పుడే దిశ రుజువవుతుంది. పైగా సందేశాలు బైటు సరిహద్దులను పాటించవు; వరుసగా అయిదు 1లు వచ్చినప్పుడు చేర్చిన 0ను తొలగిస్తూ బిట్ల ప్రవాహంగానే చదవాలి.

వైర్‌షార్క్ అనే ప్రసిద్ధ విశ్లేషణ సాఫ్ట్‌వేరులో ఈ ఫ్రేములను విప్పే భాగం ఉంది. అందులో సిగ్నలింగ్ చానెలు సంఖ్య ముందుగానే 24గా నిర్ణయించి ఉంటుంది. అది టీ1 అలవాటు. ఇ1 లైనుకు దానిని 16గా మార్చుకోవాలి. మార్చకపోతే 24వ చానెలులోని మాటల బైట్లను సందేశాలుగా చదవబోయి, లైను చెడిపోయిందన్న తప్పుడు నిర్ణయానికి రావలసి వస్తుంది.

6. దోషం ఎక్కడ – మూడు గుర్తులు:

పై మెట్లు పూర్తయ్యాక అసలు ప్రశ్నకు సమాధానం వెదకవచ్చు.

మొదటి గుర్తు క్రమసంఖ్యలోని ఖాళీ. 16 బిట్ల సంఖ్య 65,536 ఫ్రేములకు, అంటే 65.536 సెకన్లకు ఒకసారి సున్నాకు తిరిగి వస్తుంది. ఆ సహజమైన మలుపును మినహాయించి సంఖ్యలు దాటిపోతే ఫ్రేములు పోయాయి. ఒక్కో ఫ్రేముతో 31 చానెళ్లలోనూ ఒక మిల్లీసెకను చొప్పున పోతుంది. ఇది ప్యాకెట్ మార్గంలోని లోపం. అయితే పట్టిన కంప్యూటరే కొన్నింటిని జారవిడిచిందేమో ముందుగా నిర్ధారించుకోవాలి. పరికరాన్ని తిరిగి ప్రారంభించినప్పుడు కూడా సంఖ్య దూకుతుంది. దానిని నష్టంగా లెక్కించరాదు.

రెండవ గుర్తు రెండు దిశల లెక్కలోని తేడా. క్రమసంఖ్యలు ఎక్కడా తెగకపోయినా శబ్దం చెడుతున్నదంటే గడియారాలను అనుమానించాలి. ఫ్రేములను పట్టే కంప్యూటరు గడియారంతో లైను గడియారాన్ని కొలవడం నమ్మదగినది కాదు. సాధారణ కంప్యూటరు గడియారమే పది లక్షలకు పదుల భాగాలు తప్పవచ్చు. అందుకు బదులు ఒకే గంటలో సూర్యాపేట నుంచి కోదాడకు, కోదాడ నుంచి సూర్యాపేటకు క్రమసంఖ్యలు ఎంతెంత పెరిగాయో పోల్చాలి. కంప్యూటరు గడియారం రెండు దిశలకూ ఒకటే కనుక దాని తప్పు తేడాలో ఆచరణలో మిగలదు. గంటకు రావలసినవి 36,00,000 ఫ్రేములు. రెండు దిశల మధ్య 9 ఫ్రేముల తేడా వచ్చిందనుకుంటే అది పది లక్షలకు 2.5 భాగాల భేదం. 125 మైక్రోసెకన్ల కొలతలో గంటకు 72 జారుళ్లు, అంటే 50 సెకన్లకు ఒక స్లిప్. స్వీకరించే పరికరం పూర్తి ఫ్రేములనే వదిలే రకమైతే గంటకు 9 సార్లు మిల్లీసెకను చొప్పున శబ్దం పోతుంది. ఐటీయూ జీ.822 సిఫారసు ప్రకారం అంతర్జాతీయ 64 కిలోబిట్ల సంధానం ఆమోదయోగ్యంగా ఉండాలంటే ఒక రోజుకు 5 స్లిప్‌లు మించరాదు. ఈ ఉదాహరణలో రోజుకు 1,728 వస్తాయి. మాటలో ఇది అప్పుడప్పుడు వినిపించే చిన్న చప్పుడుగా గడిచిపోవచ్చు. ఫ్యాక్సుకు, మోడెముకు అదే అవరోధం.

ఈ సందర్భంలో దూరం వల్ల కలిగే ఆలస్యాన్ని గడియారాల తేడాతో కలపరాదు. సూర్యాపేట–కోదాడ మధ్య రహదారి దూరం సుమారు 45 కిలోమీటర్లు. గాజుతీగలో కాంతికి కిలోమీటరుకు సుమారు 5 మైక్రోసెకన్లు పడుతుంది. తీగ రహదారి వెంటే ఉందనుకుంటే ఆలస్యం 225 మైక్రోసెకన్లు. ఇది రెండు ఇ1 ఫ్రేముల కాలానికి కొంచెం తక్కువ. అయితే అది స్థిరమైన ఆలస్యం. గంట గడిచినా, రోజు గడిచినా పెరగదు. గడియారాల భేదం మాత్రం వడ్డీలా పేరుకుంటూ పోతుంది. స్థిరమైనది దూరానిది, పెరిగేది గడియారానిది.

మూడవ గుర్తు సూక్ష్మమైనది. క్రమసంఖ్యలు తెగవు, రెండు దిశల లెక్కలూ సరిపోతాయి. అయినా పదహారవ చానెలులో తనిఖీ సంఖ్యలు తరచుగా తప్పుతుంటాయి. అప్పుడు లోపం ప్యాకెట్లుగా మారకముందే జరిగింది. ఎక్స్ఛేంజి గడియారానికీ పరికరం గడియారానికీ పొంతన లేక ఇ1 వైపు స్లిప్‌లు రావడం, లేదా తీగలో బిట్లు చెడటం ఇందుకు కారణం. చెడిన బైట్లనే పరికరం క్రమబద్ధంగా మూటగట్టి పంపుతుంది. జాలం నిర్దోషి.

ఈ మూడు గుర్తులు మూడు బాధ్యతలను వేరుచేస్తాయి. మిర్యాలగూడలోని ఒక మిల్లు కార్యాలయంలో ఫ్యాక్సు ఆగిపోయినా, కోదాడలోని ఒక కళాశాల ఎక్స్ఛేంజిలో పిలుపులు తెగిపోయినా, ఎవరిని పిలవాలో గంటసేపటి లెక్క చెప్పగలదు.

7. చట్టం, పరిశోధకుని హద్దు:

పై మూడు నిర్ధారణల్లో దేనికీ సంభాషణను ధ్వనిగా మార్చే అవసరం రాలేదు. ఖాళీ చానెళ్ల బైట్లు, హెడరు, క్రమసంఖ్య, తనిఖీ సంఖ్య సరిపోయాయి. ఇది సౌకర్యం కోసం చేసిన ఎంపిక మాత్రమే కాదు. 1996 డిసెంబరు 18న పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ కేసులో సుప్రీంకోర్టు, టెలిఫోన్ సంభాషణ వ్యక్తి గోప్యతలో భాగమనీ, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం కింద దానిని వినడానికి కఠినమైన విధివిధానాలు అవసరమనీ తీర్పునిచ్చింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షను, చట్టవిరుద్ధంగా సందేశాన్ని అడ్డగించి గ్రహించడాన్ని మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరంగా పేర్కొంది.

సాంకేతికంగా ఈ ఫ్రేములకు రహస్యలిపి రక్షణ లేదు. అమరిక తెలిస్తే 31 చానెళ్లూ తెరిచిన పుస్తకమే. సిగ్నలింగ్ చానెలులో పిలిచినవారి, పిలవబడినవారి సంఖ్యలుంటాయి. మాటల చానెలులో నొక్కిన అంకెల ధ్వనులు కూడా ఉంటాయి; అవి బ్యాంకు రహస్య సంఖ్యలు కావచ్చు. కాబట్టి మాటలను వినకపోవడంతోనే జాగ్రత్త పూర్తి కాదు. తనిఖీ సంఖ్య సరిపోయిందా లేదా అన్నంతవరకే చదివి, సందేశంలోని సంఖ్యలను నమోదు చేయకపోవడం సరైన హద్దు. భద్రపరిచే దత్తాంశంలో మొదటి 22 బైట్లను ఉంచి మిగిలినవాటిని తొలగిస్తే మొదటి రెండు గుర్తుల విశ్లేషణకు ఏ లోటూ ఉండదు. మూడవదానికి తప్పిన సందేశాల లెక్క, సమయం చాలు.

ప్రజల లైనును తాకకుండానే ఈ పద్ధతిని నేర్చుకునే మార్గం కూడా ఉంది. రెండు సాధారణ కంప్యూటర్లు, మధ్య ఒక ఈథర్‌నెట్ తీగ, వాటిపై డాహ్‌డీ ఉంటే కళాశాల ప్రయోగశాలలోనే ఈ ఫ్రేములను పుట్టించవచ్చు. రెండు యంత్రాల గడియారాలు సహజంగానే కొద్దిగా భిన్నంగా ఉంటాయి కనుక రెండవ గుర్తును విద్యార్థులు స్వయంగా కొలవగలరు. వాస్తవ లైనును పరిశీలించవలసి వస్తే లైను యజమాని, సేవాసంస్థల లిఖితానుమతి తప్పనిసరి.

8. ముగింపు:

అప్రామాణిక ఫ్రేమును విప్పడంలో పేరుపట్టీకంటే లోపలి సాక్ష్యానికి విలువ ఎక్కువని ఈ పరిశీలన వల్ల స్పష్టమవుతున్నది. పొడవు ఒక అవకాశాన్ని సూచిస్తుంది. హెడరు దానిని బలపరుస్తుంది. నిశ్శబ్దం అమరికనూ దిశనూ నిర్ధారిస్తుంది. తనిఖీ సంఖ్య సిగ్నలింగ్‌ను రుజువు చేస్తుంది. ఆ తరువాత క్రమసంఖ్యల లెక్క దోషం జాలానిదా, గడియారానిదా, ఇ1 తీగదా అన్నది విడదీస్తుంది.

చిన్న పట్టణాల్లో పాత ట్రంకు లైన్ల పరికరాలు ఒక్కొక్కటిగా విశ్రమిస్తున్న ఈ దశలో వాటి నిర్మాణాన్ని చదవగల జ్ఞానం కూడా వాటితోపాటే కనుమరుగయ్యే ప్రమాదం ఉంది. ఆ జ్ఞానం బోధనలో నిలిస్తే మిగిలి ఉన్న లైన్ల మరమ్మతుకు ఆధారం దొరుకుతుంది. లైను బాగోగులను తెలుసుకోవడానికి లైనులోని మనుషులను వినవలసిన పని లేదన్న సూత్రం ఆ బోధనలో మొదటి పాఠం కావాలి.